ప్రయాణం కోసం ప్రార్థన

చర్చి ఆవరణ, పాస్టరుగారి ఇల్లు

మరదలికి వదిన వందనాలు.

మీ అన్నయ్యకు మళ్ళీ భారం కలిగింది. కంగారుపడకు, ఒంట్లో బాగానే ఉంది. కిందటేడు ఆయనకు మొక్కలు నాటడం మీద భారం కలిగింది, నీళ్ళు పోసే భారం నా మీద పడింది. ఈసారి మనుషుల అక్రమ రవాణా మీద కలిగింది. మొన్న ఆదివారం ఒక ప్రసంగీకుడు వచ్చి, లైట్లు ఆర్పించి, గోడ మీద బొమ్మలు వేసి చూపించాడు. చీకట్లో ఆడపిల్లల కళ్ళు మాత్రం కనిపించేలా వరసగా బొమ్మలే బొమ్మలు. మా స్త్రీల సమాజం కార్యదర్శమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. నిజంగానే ఏడ్చాను, నవ్వకు.

ఆ ఏడుపులోంచి ఒక కమిటీ పుట్టింది. పేరు పెట్టడానికే నాలుగు మీటింగులయ్యాయి. 'విడుదల' అంటే చాలని నేను, కాదు 'సంకెళ్ళు తెంచే సైన్యం' అనాలని కోశాధికారిగారు. సైన్యమంటే యూనిఫారం ఉండొద్దా అని ఎవరో అన్నారు. దాంతో ఒక మీటింగు మొత్తం చీరల రంగుకే సరిపోయింది. చివరికి పేరు ఆయనది నెగ్గింది, రంగు నాది నెగ్గింది. అధ్యక్షురాలిని నేనే. వేరే ఎవరైనా అయితే మీ అన్నయ్య భోజనం దగ్గర మొహం ఎలా పెడతారో ఊహించుకో.

వచ్చే నెలలో 'విడుదల ఆదివారం' పెట్టుకున్నాం. నాటిక ఉంది. కోశాధికారిగారిది దుర్మార్గుడి వేషం, నల్ల కోటు, నల్ల కళ్ళద్దాలు. ఒక పిల్ల నోరు మూసి బస్తాలో వేసుకుని పోతుంటే మా యువజనులు పాట పాడుతూ వచ్చి తాడు తెంచుతారు. రిహార్సల్లో బస్తా చిరిగి పిల్ల కిందపడింది తప్ప అంతా బాగానే వచ్చింది.

ఇక అసలు సంగతి. నాటిక అయ్యాక సాక్ష్యం ఉండాలి. నీ హోములో ఉన్న పిల్లల్లో ఒకర్ని పంపు. కాస్త మాట వచ్చిన పిల్లయితే మేలు. పది నిమిషాలు చాలు. అందులో కష్టం ఎక్కువసేపు ఉండొచ్చు కానీ చివర్లో స్తోత్రంతో ముగించాలి, మధ్యలో ఆగిపోతే జనం ఇంటికెళ్ళి అన్నం తినలేరు. కన్నీళ్ళు వస్తే రానీ, రాకపోతే బలవంతం లేదు. కృతజ్ఞతగా చీర పెడతాం. పాత బట్టలు కూడా మూటలు కట్టి ఉంచాను.

మీ అన్నయ్యే రాద్దామనుకున్నారు. ఆయన మొదలుపెడితే ఉత్తరం మూడో పేరాకల్లా ప్రసంగమైపోతుందని నేను కలం లాక్కున్నాను.

నీ వదిన


చెప్పకూడని చోటు

వదినా,

పైన ఊరిపేరు లేదని అలగకు. ఇక్కడ వార్డెనుగా చేరినరోజే చెప్పారు, ఈ ఇల్లు ఎక్కడుందో నోటితో అనకూడదు, కాగితం మీద పెట్టకూడదు అని. మా ఉత్తరాలు పోస్టాఫీసులో ఒక పెట్టెలోకి వస్తాయి, నేనే వెళ్ళి తెచ్చుకుంటాను. ఫోన్లు గేటు దగ్గర వదిలేసి లోపలికి రావాలి. ఈ ఇల్లు చూసిన బయటివాళ్ళు చాలా తక్కువ. అందులో నువ్వొకతెవి, అదీ నేను టైఫాయిడుతో పడి ఉంటే ఏడ్చి గోలచేసి లోపలికి వచ్చావు కాబట్టి.

నీ ఉత్తరం కుట్టుగదిలో చదివాను. నవ్వాపుకోలేక మిషను ఆపాల్సి వచ్చింది. కోశాధికారిగారికి నల్ల కళ్ళద్దాలు చక్కగా నప్పుతాయి. కానీ బస్తా ఎందుకు వదినా? ఇక్కడున్న పిల్లల్లో ఒక్కర్ని కూడా ఎవరూ బస్తాలో వేసుకుపోలేదు. అందరూ కొత్త బట్టలు కట్టుకుని తమ కాళ్ళ మీదే నడిచి వెళ్ళారు. తీసుకెళ్ళినవాళ్ళు పిన్నులు, మేనమామలు, పక్కింటి అక్కలు, ప్రేమిస్తున్నానన్న కుర్రాళ్ళు. నల్ల కళ్ళద్దాలవాడు వచ్చి నోరు మూస్తే ఏ పిల్లయినా చెయ్యి కొరికి పారిపోయేది. మీ నాటికలో ఆ వేషం వెయ్యాల్సింది నీలాంటి ఆవిడ, మంచి చీర కట్టుకుని, నవ్వుతూ.

సాక్ష్యానికి పిల్లను పంపను. వీళ్ళని ఒకసారి వరసగా నిలబెట్టి చూపించారు. మళ్ళీ నిలబెట్టి చూపిస్తాం, ఈసారి పాటలుంటాయి అంటే కుదరదు. పాత బట్టలూ వద్దు. కిందటిసారి మీ సంఘం పంపిన మూటలో ఎవరిదో పెళ్ళికోటు వచ్చింది. దాన్ని కత్తిరించి మిషన్లకు తొడుగులు కుట్టాం. నిజంగా ఏదైనా పంపాలనుంటే ఒక పళ్ళ డాక్టరును పంపు. ఇక్కడ సగంమందికి పంటినొప్పి, ఎవరూ పైకి చెప్పరు.

నాకు మాట్లాడుకోవడానికి నువ్వు తప్ప ఎవరూ లేరు, అందుకని ఒక మాట రాస్తున్నాను. నీ నోట్లో నువ్వుగింజ నానదని తెలిసే రాస్తున్నాను. ఇక్కడ ఒక పిల్ల ఉంది, మేం ఉడుత అంటాం. వచ్చిన కొత్తలో బీరువా ఎక్కి కూర్చునేది. అక్కణ్ణుంచి తలుపూ కిటికీ రెండూ కనిపిస్తాయి. ఈమధ్యనే కిందికి దిగి కాజాలు కుట్టడం నేర్చుకుంటోంది. దీన్ని తీసుకెళ్ళి అమ్మింది సొంత పిన్ని. బట్టల షాపులో ఉద్యోగమని చెప్పింది. ఆవిడ కూడా ఎక్కడో చర్చిలో పాటల బృందంలో పాడుతుందట, గొంతు బాగుంటుందట. ఇప్పుడు బెయిలు మీద బయట ఉంది. పిల్ల దరిదాపులకు పోకూడదని, ఆచూకీ కూడా తియ్యకూడదని షరతు పెట్టారు. వచ్చేనెల కోర్టులో ఉడుత నోరు తెరిచి చెప్పాలి. చెప్పకపోతే కేసు లేనట్టే. చెప్పనివ్వకూడదని పిన్ని వెతికిస్తోందని విన్నాం.

ఎవరికీ చెప్పకు. అన్నయ్యకు కూడా.

నీ ఆడపడుచు


చర్చి ఆవరణ, పాస్టరుగారి ఇల్లు

మరదలా,

నీ ఉత్తరం ముల్లులా గుచ్చుకుంది. నాలాంటి ఆవిడ ఆ వేషం వెయ్యాలా? వేస్తానులే, చీర నాకు ఎలాగూ ఉంది. బస్తా సంగతి మీటింగులో చెప్పాను. కోశాధికారిగారు చాలా బాధపడ్డారు. బస్తా లేకపోతే విడిపించినట్టు జనానికి ఎలా తెలుస్తుంది అన్నారు. బస్తా ఉంచాం.

పళ్ళ డాక్టరును కూడా అడిగాను. మన సంఘంలో ఉన్నాయన ముందు ఈ విషయమై ప్రార్థన చేసుకుని చెప్తానన్నారు. ఆయన క్లినిక్కు కొనేముందు కూడా అంతసేపు ప్రార్థన చేయలేదు.

సాక్ష్యం పోతే పోయింది, ఆ పిల్ల కథ విన్నాక నాకు నిద్ర పట్టలేదు. ఊరికే ఉండలేకపోయాను. మీ అన్నయ్యకు చెప్పలేదు, ఒట్టు. ఎవరికీ చెప్పలేదు. గొలుసు ప్రార్థనలో మాత్రం పెట్టాను. మా గొలుసు ఎలా నడుస్తుందో నీకు తెలుసుగా, మొదట నేను కార్యదర్శమ్మకు ఫోను చేస్తాను, ఆవిడ లెక్చరరమ్మకు, ఆవిడ ఇంకొకరికి, అలా చివరి లంకె దాకా. ఈసారి అందరికీ గుండె కరిగి, పక్క సంఘాల్లో వాళ్ళ చెల్లెళ్ళకూ తోడికోడళ్ళకూ కూడా అందించారు. లెక్క మించిపోయింది. ఇవాళ ఆ పిల్ల కోసం ఎంతమంది మోకాళ్ళ మీద ఉన్నారో చూస్తే నీకు కళ్ళు చెమ్మగిల్లుతాయి.

భయపడకు, పేరు చెప్పలేదు. ఉడుత అని కూడా అనలేదు. గుట్టు గుట్టుగానే ఉంది. కుడి కనుబొమ్మ మీద కాలిన మచ్చ ఉన్న పిల్ల అన్నాను, అంతే. నిన్ను చూడ్డానికి వచ్చినప్పుడు బీరువా మీద చూశాను, అది ఈ పిల్లే అయ్యుంటుంది. వచ్చే నెల కోర్టుకు వెళ్తుందన్నాను. ఐసు ఫ్యాక్టరీ వెనక, పచ్చ గేటున్న ఇంట్లో ఉంటుందన్నాను. అది కూడా ఎందుకంటే, గురి లేని ప్రార్థన గాలిలోకి విసిరిన రాయని మీ అన్నయ్యే నేర్పారు. ఎవరో, ఎక్కడో, ఏమిటో తెలియకుండా ఎలా విజ్ఞాపన చేస్తారు చెప్పు?

లెక్చరరమ్మ ఉపవాసం కూడా మొదలుపెట్టింది. టీ మాత్రం తాగుతుంది.

నీ వదిన


చెప్పకూడని చోటు, నీ పుణ్యమా అని అందరికీ తెలిసిన చోటు

వదినా,

నిన్న ఫోనులో తిట్టినవి వెనక్కి తీసుకోను. మిగిలినవి ఇందులో రాస్తున్నాను. దీన్ని పోస్టులో వెయ్యడానికి కూడా నేను బయటికి పోలేదు, మా కుట్టు టీచరు చేతికిచ్చాను.

నిన్న పొద్దున గేటు దగ్గరికి ఒకావిడ వచ్చింది. మంచి చీర, చంకలో పరిశుద్ధ గ్రంథం, చేతిలో పళ్ళ సంచి. నేను గొలుసు ప్రార్థనలో సహోదరిని, కనుబొమ్మ మీద మచ్చ ఉన్న అమ్మాయి తల మీద చెయ్యిపెట్టి ప్రార్థన చేసి వెళ్ళిపోతాను అంది. కాపలా ఆయన అలాంటి అమ్మాయి ఇక్కడ లేదన్నాడు. ఆవిడ నవ్వి, ఐసు ఫ్యాక్టరీ వెనక పచ్చ గేటు అన్నారే, ఇదేగా అంది. ఆ గొంతు మేడ మీద బట్టలు ఆరేస్తున్న ఉడుత విన్నది. మేం వెతగ్గా వెతగ్గా మెట్ల కింద నీళ్ళ డ్రమ్ముల వెనక దొరికింది. ఈసారి బీరువా చాలలేదు.

నాకు ఒక్కటే అర్థం కాదు. దేవుడికి ఐసు ఫ్యాక్టరీ ఎక్కడుందో తెలియదా? పచ్చ గేటని గుర్తు చెప్పకపోతే పొరపాటున పక్కింటివాళ్ళను కాపాడతాడా? మీకు గురి కావలసింది ప్రార్థనకు కాదు వదినా, చెప్పుకోవడానికి. మీ గొలుసులో ఒక్కో లంకె ఎంత భక్తిగా బిగించారంటే అది తిన్నగా వచ్చి ఈ పిల్ల కాలికి తగులుకుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదీ మీ సేవ.

పోలీసులకు చెప్పాం. వచ్చినావిడ పిన్నే అనడానికి ఫొటో ఉందా అన్నారు. లేదు. ఎదురుగా సైకిళ్ళు బాగుచేసే కొట్టు ముందు ఒకడు కూర్చుని ఉన్నాడు, వాడికి సైకిలు లేదు అని చెప్పాం. కొట్టు ముందు కూర్చోవడం నేరం కాదన్నారు. పిల్లను వేరే హోముకు మార్చాలంటే అన్నీ నిండి ఉన్నాయి, ఒకచోట వారంలో మంచం ఖాళీ అవుతుందట. అవుతుంది సరే, వాడు అక్కడ కూర్చుని ఉండగా గేటు దాటించేదెలా? ఉడుత కోర్టుకు రానంటోంది. అది రాకపోతే పిన్ని గెలుస్తుంది, ఇంకో పిల్లకు ఉద్యోగం చూస్తుంది.

నీకు రాయడం నాదే తప్పు. ఆ కోపం కూడా నీ మీదే తీర్చుకుంటున్నాను.

నీ ఆడపడుచు


చర్చి ఆవరణ, పాస్టరుగారి ఇల్లు

అమ్మాయ్,

నీ ఉత్తరం వంటింట్లో నిలబడే చదివాను. ఏడవలేదు. ఏడిస్తే మళ్ళీ ఇంకో కమిటీ పుడుతుందేమోనని భయమేసింది.

మీ అన్నయ్యకు మొత్తం చెప్పేశాను. ఆయన చాలాసేపు కళ్ళు మూసుకుని, ఉద్దేశం మంచిది కదా అన్నారు. కార్యదర్శమ్మ కూడా అదే అంది. లెక్చరరమ్మ అయితే, సాతాను మన ప్రార్థనకు భయపడే ఆవిణ్ణి పంపాడు, అంటే మన ప్రార్థన పనిచేస్తున్నట్టే అంది. ఆ మాట విన్నాక నాకు వీళ్ళతో లాభం లేదని తెలిసింది. గొలుసును ఆపమని అడిగితే ఆపరు. ఎందుకు ఆపాలో కూడా గొలుసులో పెడతారు.

అందుకని ఇవాళ పొద్దున స్నానం చేసి, మీ అన్నయ్య సందర్శనకు వెళ్ళాక, ఫోను దగ్గర కూర్చుని దేవుడికి ముందు చెప్పుకున్నాను. ప్రభువా, ఇంకాసేపట్లో నీ దగ్గరికి బోలెడన్ని ప్రార్థనలు తప్పుడు చిరునామాతో వస్తాయి, వాటిని సరైన చోటికి నువ్వే మళ్ళించుకో అన్నాను. అప్పుడు కార్యదర్శమ్మకు ఫోను చేసి, కొత్త మనవి ఉంది, ఆ మచ్చ ఉన్న పిల్లను అపాయం వల్ల రాత్రికి రాత్రే రేవు పట్టణానికి పంపేశారు, అక్కడ పోలీసు క్వార్టర్ల వెనక వీధిలో ఒక ఇంట్లో ఉంచారు, ప్రయాణం బాగా జరిగేలా ప్రార్థించండి, గుట్టుగా ఉంచండి అని చెప్పాను. గుట్టుగా అన్నానంటే సాయంత్రానికల్లా అన్ని సంఘాలకూ చేరుతుంది.

పోలీసు క్వార్టర్లు ఎందుకంటే మా తమ్ముడు హెడ్ కానిస్టేబులుగా ఉండేది అక్కడే. ఒకప్పుడు నిన్ను చేసుకుంటానని మా అమ్మచేత కబురు పెట్టించి నీ చేత చీవాట్లు తిన్నాడే, వాడే. ఎవరైనా వచ్చి మచ్చ ఉన్న పిల్ల కోసం అడిగితే కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి మాట్లాడించమన్నాను. నీకోసమంటే ఇప్పటికీ చేస్తాడు వెధవ.

పాస్టరు భార్యగా ఇన్నేళ్ళలో 'మీ పాట చాలా బాగుందండీ' అనడం తప్ప ఇంత పెద్ద అబద్ధం ఆడలేదు. నీ దగ్గర ఆ సైకిలు లేనివాడు ఉన్నాడో పోయాడో వెంటనే తెలియజెయ్యి.

నీ వదిన


చెప్పకూడని చోటు

వదినా,

వాడు పోయాడు. వెళ్ళొస్తానని కూడా చెప్పకుండా పోయాడు. కొట్టాయన, పొద్దంతా కూర్చున్నందుకు ఒక్క పంక్చరన్నా వేయించుకోలేదని తిట్టుకుంటున్నాడు.

మీ తమ్ముడు నాకు ఫోను చేసి మరీ చెప్పాడు, గొంతులో ఎంత గర్వమో. పిన్నీ ఇంకొకడూ కారులో దిగి, క్వార్టర్ల వెనక ఇంటింటికీ తిరిగి, కనుబొమ్మ మీద మచ్చ ఉన్న అమ్మాయి కోసం ప్రార్థన చెయ్యడానికి వచ్చామని అడిగారట. మూడో గడపలో తలుపు తీసింది ఇనస్పెక్టరమ్మ. లోపల కూర్చోబెట్టి, మీ మాటలు వినాలని ఉంది, మొదట్నుంచీ చెప్పండి అందట. ఈసారి ఫొటోలకు లోటు లేదు. షరతు తప్పినందుకు నిన్న బెయిలు రద్దయింది. పిన్ని మళ్ళీ లోపలికి వెళ్ళింది.

మేం ఉడుతను పట్టపగలే, గేటులోంచే, దర్జాగా వేరే ఇంటికి మార్చాం. ఎక్కడికో నీకు చెప్పను. నువ్వు మారావని నమ్ముతున్నాను కానీ, పిల్లను పెట్టి పరీక్షించుకోను.

కోర్టుకు వస్తానంది. పిన్ని లోపల ఉందన్న మాట పదేపదే అడిగి చెప్పించుకుని, అప్పుడంది. నువ్వొకసారి రా. నేను లాయరు వెంట తిరుగుతుంటే వరండాలో దాని పక్కన కూర్చోవడానికి ఒక మనిషి కావాలి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పట్టొచ్చు, పిలుస్తారో వాయిదా వేస్తారో ఎవరికీ తెలియదు. అక్కడ చప్పట్లుండవు, చీర ఏ రంగుదైనా ఫరవాలేదు.

నీ ఆడపడుచు


చర్చి ఆవరణ, పాస్టరుగారి ఇల్లు

మరదలా,

వస్తాను. ఈ వారం నాకు తీరిక ఎక్కువైంది, కారణం చదువు.

శుక్రవారం స్త్రీల కూడికలో, మన ప్రార్థనకు జవాబు వచ్చింది, పిల్ల రేవు పట్టణానికి క్షేమంగా చేరింది అని కార్యదర్శమ్మ కృతజ్ఞతలు చెల్లించింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ మెల్లగా కొట్టాను. అంతలో లెక్చరరమ్మ లేచి కళ్ళు మూసుకుని, సహోదరీలారా, ప్రభువు నాకు ఆ ఇల్లు దర్శనంలో చూపించాడు, నీలం తలుపులు, ముందు పూలకుండీలు, ఆ పిల్ల కిటికీ దగ్గర నిలబడి పాట పాడుతోంది అంది. నాకు నవ్వొచ్చింది. చీరకొంగు నోట్లో కుక్కుకున్నాను. పూలకుండీల రంగు కూడా చెప్పేసరికి ఇక ఆగలేదు. ప్రార్థన మధ్యలో పాస్టరు భార్య పగలబడి నవ్వడం ఈ సంఘంలో ఇదే మొదటిసారి. కొందరు నాకు ఆత్మావేశం వచ్చిందనుకుని స్తోత్రం అన్నారు కూడా.

నిజం చెప్పేశాను. ఇల్లూ లేదు, నీలం తలుపులూ లేవు, అది నేను కల్పించింది అన్నాను. ఎందుకు కల్పించానో కూడా చెప్పాను. లెక్చరరమ్మ వెంటనే, అయితే అది వేరే ఇల్లయి ఉంటుంది అంది.

ఆదివారం ఆరాధన అయ్యాక సంఘపెద్దలు కూర్చున్నారు. నన్ను బయట కూర్చోబెట్టి, లోపల చాలాసేపు చర్చించారు. పిల్ల ఉన్న చోటు ఊరంతా చాటడం అజాగ్రత్త, అది ప్రేమవల్ల జరిగింది కాబట్టి క్షమించదగింది అని తీర్మానించారు. ప్రార్థనలో అబద్ధం ఆడటం మాత్రం పాపం, పైగా ఎందరో భక్తుల మోకాళ్ళను వృథా చేసింది అన్నారు. ఆ మాట కోశాధికారిగారిది, రాసి పెట్టుకున్నట్టున్నారు. మూడు నెలలు ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షారసంలో నాకు పాలు లేదు. కమిటీ అధ్యక్ష పదవి కార్యదర్శమ్మకు వెళ్ళింది. గొలుసులోంచి కూడా తీసేశారు.

నిజం చెప్పి పిల్లను పట్టిచ్చినందుకు క్షమాపణ, అబద్ధం చెప్పి కాపాడినందుకు శిక్ష. బైబిలు వాక్యంలో ఒకావిడ మనుషుల్ని మిద్దె మీద దాచి, అటు పోయారని అబద్ధం చెప్పింది కదండీ, ఆవిణ్ణి మీరే ఎన్నోసార్లు మెచ్చుకున్నారు కదా అని మీ అన్నయ్యను ఇంట్లో నిలదీశాను. అది వేరే సందర్భం అన్నారు. తీర్మానం చదవాల్సింది ఆయనే కాబట్టి వేదిక మీదినుంచి ఆయనే చదివారు. ఇంటికొచ్చాక అన్నం ముందు కూర్చుని, ఆ అమ్మాయి ఇప్పుడు బాగుందా అని అడిగారు. బాగుందన్నాను. తలూపి, తినకుండా లేచిపోయారు. నాకు ఆయన మీద కోపం ఉంది, జాలి కూడా ఉంది, రెండూ ఒక కంచంలోనే.

కోర్టు ఎప్పుడో రాయి. నేను ఏం తేవాలి?

నీ వదిన


చెప్పకూడని చోటు

వదినా,

బుధవారం. నీళ్ళ సీసా తే, దువ్వెన తే. కమిటీ చీర తప్ప ఏదైనా కట్టుకో.

కొన్ని సంగతులు గుర్తుంచుకో. ఏం జరిగిందని దాన్ని అడగకు. అయ్యో పాపం అనకు. తల నిమరకు, అది చెయ్యి పట్టుకుంటే మాత్రం విడిపించుకోకు. అన్నిటికంటే ముఖ్యం, నీకోసం ప్రార్థన చేస్తానని అనకు. కారణం నన్ను అడగొద్దు, అది చెప్పుకోవాల్సింది ఆ పిల్ల. నీకు కష్టమని తెలుసు. కావాలంటే నాలుక కింద లవంగం పెట్టుకో.

నువ్వు దానికోసం అబద్ధం ఆడిన సంగతి ఉడుతకు చెప్పాను. మీ పెద్దల తీర్మానం ఇక్కడ కుట్టుగదిలో చదివి వినిపించాను. ఎవరూ నవ్వలేదు. నేను నవ్వుతారనుకున్నాను.

నీ ఆడపడుచు


చర్చి ఆవరణ, పాస్టరుగారి ఇల్లు

అమ్మాయ్,

నువ్వు లాయరు వెంట పరుగులు తీస్తున్నప్పుడు వరండాలో ఏం జరిగిందో నీకు రాయాలి. సాయంత్రం నీ మొహం చూసి అక్కడ చెప్పలేకపోయాను.

గోడకానుకుని కూర్చున్నాం. జనం నల్లకోట్లతో, కట్టలతో అటూ ఇటూ పోతున్నారు. ఎవరు దగ్గరగా వచ్చినా అది నా వెనక్కి జరిగేది. నాకు నోట్లో మాటలు కిక్కిరిసిపోతున్నాయి. పాతికేళ్ళుగా ఎవరి పక్కన కూర్చున్నా మొదట వచ్చే మాట ఒక్కటే, ప్రార్థన చేసుకుందామా అని. అది తీసేస్తే నాకు వేరే మాటే రాదని అక్కడ తెలిసింది. సిగ్గేసింది. దువ్వెన తీసిచ్చాను. అది తల దువ్వుకుని, నా జుట్టు చూసి, మీకూ చెదిరింది అంది.

అప్పుడు అడిగింది, నాకోసం చర్చిలో అబద్ధం చెప్పింది మీరేనా అని. నేనే అన్నాను. మిమ్మల్ని కొట్టారా అంది. లేదమ్మా, వెనక వరసలో కూర్చోబెట్టారంతే అన్నాను. అప్పుడు ఇలా అంది, దాని మాటల్లోనే రాస్తున్నాను.

"మా పిన్ని నన్ను తీసుకెళ్ళినరోజు పొద్దున నా తల మీద చెయ్యిపెట్టి ప్రయాణం కోసం ప్రార్థన చేసింది. చాలా బాగా చేసింది, నాకు ఏడుపొచ్చింది. అప్పట్నుంచి ఎవరన్నా నీకోసం ప్రార్థన చేస్తామంటే, ఎక్కడికి తీసుకెళ్తారో అనిపిస్తుంది."

మేమంతా ఆ పిల్ల ప్రయాణం కోసమే కదా మోకాళ్ళ మీద పడ్డాం. అందులో నేను పంపిన ప్రార్థన కూడా ఉంది. మంచినీళ్ళు తాగి సీసా దానికిచ్చాను. అది కూడా తాగింది. ఆ తరవాత పేరు పిలిచారు. లేచి, చెప్పులు సరిచేసుకుని, నా వైపు చూడకుండా లోపలికి వెళ్ళింది. తలుపు మూసేశారు. ఆ తలుపు చూస్తూ కూర్చున్నంతసేపూ నేను ఏ మాటా అల్లలేదు, మనసులో కూడా. దేవుడు కూడా నా పక్కన ఊరికే కూర్చున్నాడనిపించింది. ఇది మీ అన్నయ్యకు చెప్తే ప్రసంగంలో పెడతారు, అందుకే చెప్పలేదు.

ఇక్కడ విడుదల ఆదివారం ఘనంగా జరిగింది. వెనక వరసలోంచి చూశాను. కోశాధికారిగారి కళ్ళద్దాలు జారిపోయాయి, బస్తా మాత్రం ఈసారి చిరగలేదు. కమిటీకి కృతజ్ఞతా తీర్మానం కూడా చేశారు. పళ్ళ డాక్టరుగారు ఇంకా ప్రార్థనలోనే ఉన్నారు. వచ్చే శనివారం ఆయన క్లినిక్కు వెళ్ళి, నాకు పన్ను నొప్పని చెప్పి కుర్చీలో కూర్చుని, ఎప్పుడు వస్తారో చెప్పేదాకా లేవను. అబద్ధం అలవాటైపోయింది.

అది లోపల ఏం చెప్పిందో నువ్వు విన్నావు, నేను వినలేదు. చెప్పగలిగిందా?

నీ వదిన


చెప్పకూడని చోటు

వదినా,

చెప్పింది. పిన్ని మొహం చూస్తూనే చెప్పింది. అవతలి లాయరు, మీ పిన్ని భక్తురాలు కదా, నీ క్షేమం కోసం ప్రార్థన చేసి పంపింది కదా అని అడిగాడు. చేసింది, అప్పుడే డబ్బు కూడా తీసుకుంది అంది. జడ్జిగారు కలం ఆపి దాని వైపు చూశారు. తీర్పుకు ఇంకా నెలలు పడుతుంది. ఎటు వస్తుందో నాకు తెలియదు, నీకు బూటకపు ధైర్యం చెప్పను. కానీ ఆ రాత్రి తన కొత్త ఇంటికి వెళ్ళి అన్నం పెట్టించుకుని, మళ్ళీ పెట్టించుకుని తింది.

మళ్ళీ బుధవారం కోర్టులో ఇంకో పిల్ల కేసు ఉంది. ఉడుత కంటే చిన్నది, రెండు రోజులుగా ఎవరితోనూ మాట్లాడటం లేదు. నేను ఇవాళ ఉడుతను చూడ్డానికి వెళ్ళినప్పుడు ఆ సంగతి చెప్పి, దాన్ని ఎలా తీసుకెళ్ళాలో తెలియడం లేదన్నాను. ఉడుత కాజా కుడుతూ, తలెత్తకుండా అడిగింది.

"ఆ ప్రార్థన చెయ్యని పాస్టరమ్మ వస్తుందా?"

ఏమని చెప్పను?

నీ ఆడపడుచు